వర్తించనిది కొట్టివేయండి

"నీకేం, గవర్నమెంటు ఉద్యోగం. ఇవాళైనా ఆ కార్డు సంగతి తేల్చెయ్," అన్నారు మా ఆయన, నేను కూర డబ్బా మూత మోచేత్తో నొక్కుతుండగా. చేతులు రెండూ ఖాళీ లేవు. ఒకదాంట్లో పాప జడ, ఇంకోదాంట్లో దువ్వెన. మూత సరిగ్గా పడకపోతే నూనె ఆయన సంచిలోకి కారుతుంది, కారితే సాయంత్రం ఆ సంచి ఉతికేదీ నేనే, ఎందుకు కారిందని అడిగించుకునేదీ నేనే. ఎలాగో మూత పడింది. తేలుస్తానన్నాను. ఆయన సంచి భుజానికి తగిలించుకుంటూ, శుక్రవారంతో గడువు అయిపోతుందని నువ్వే కదా చెప్పావు అన్నారు. చెప్పింది నేనే. చెప్పిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

మా ఇంట్లో ఏ పనైనా నా దగ్గరికి "నీకేం" అనే మాట పట్టుకునే వస్తుంది. పాపకి జ్వరమొస్తే నీకేం, సెలవులున్నాయి. అత్తయ్యకి కంటి ఆపరేషనంటే నీకేం, ఎవరూ అడగరు. ప్లంబరు మధ్యాహ్నం వస్తానంటే నీకేం, రెండు గంటలు పర్మిషన్ పెట్టుకో. ఆయనది ప్రైవేటు కంపెనీ, సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉంటాడట. నిజమే కావచ్చు, కాదనను. కానీ నా సెలవులు ఇంటిల్లిపాదికీ చెందిన ఆస్తి అయిపోయి, అందులో నా వాటా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. నాకోసం నేను పెట్టుకున్న పెద్ద సెలవంటే ప్రసవానికి పెట్టుకున్నదే. దాని గురించి మామయ్యగారు చుట్టాలందరికీ గొప్పగా చెబుతారు, "మా కోడల్ని నెలల తరబడి కూర్చోబెట్టి జీతమిచ్చారు" అని. కుట్లు సలుపుతుంటే కూర్చోలేక ఒక పక్కకి ఒరిగి పాలిచ్చిన రోజులవి. కూర్చోబెట్టారనే మాట విన్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

కార్డు సంగతి చెప్పాలి. మా ఆఫీసులో ఉద్యోగులందరికీ వైద్యం కార్డులు కొత్తగా ఇస్తున్నారు. నేను పనిచేసేది సిబ్బంది సెలవులూ కార్డులూ చూసే సెక్షన్లోనే, కాబట్టి అందరి కాగితాలూ నా బల్ల మీదికే వస్తాయి. మగ ఉద్యోగి అయితే భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు రాసి సంతకం పెడితే సరి. ఆడవాళ్ళ కాగితంలో భర్త, పిల్లల తర్వాత ఇంకో వరుస ఉంటుంది. 'తల్లిదండ్రులు / అత్తమామలు. వర్తించనిది కొట్టివేయండి.' ఇద్దరిలో ఒకరే. ఒకసారి కొట్టేస్తే, పాత కార్డులో కొట్టేసినా సరే, రిటైరయ్యేదాకా మార్చుకునే వీల్లేదు; నాకిదే మొదటి కార్డు. మిగతా వాళ్ళ కాగితాలన్నీ కట్టలు కట్టి పంపించాను. నాది మాత్రం డ్రాయర్లో ఉంది.

మామయ్యగారికి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మార్పించాలన్నారు డాక్టర్లు. ఆయన గది నుంచి బాత్రూము దాకా గోడ పట్టుకుని నడుస్తారు, ఆ గోడ మీద ఆయన చెయ్యి పడినంత మేరా మట్టిరంగు చార ఏర్పడింది. చెడ్డవారు కాదు. పాపని కథలు చెప్పి నిద్రపుచ్చుతారు. నొప్పి ఎక్కువైనప్పుడు పళ్ళు కరుచుకుంటారు గానీ ఎవర్నీ విసుక్కోరు. "కోడలి కార్డు రానీ, పరిగెడతాను" అంటారు. ఆ మాటకి అత్తయ్య నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటాను.

మా అమ్మ ఇదే ఊళ్ళో, బస్సెక్కితే చివరి స్టాపులో, రెండో అంతస్తులో అద్దెకుంటుంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి నన్ను చదివించింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు. కిందటి వారం ఆఫీసు నుంచి అటు వెళ్ళాను. కిందే ఎదురైన అమ్మ, కూరల సంచీతో నా ముందు మెట్లెక్కుతూ మలుపులో ఆగి, తాళాల కోసం వెతుక్కుంటున్నట్టు సంచిలో చెయ్యి పెట్టింది. తాళాలు ఆవిడ మెడలోనే వేలాడుతున్నాయి. ఊపిరి అందాక, "రాత్రికి రాత్రి ఇంటివాడు రెండు మెట్లు ఎక్కువ కట్టించాడే" అంది. గుండెలో కవాటం పాడైందనీ, మందులు కొంతకాలమే కాస్తాయనీ, ఆపరేషను తప్పదనీ డాక్టరు ముందే నాతో చెప్పాడు. లోపల చూస్తే మంచం మీద దిళ్ళన్నీ గోడకి చేరేసి ఉన్నాయి. కూర్చునే నిద్రపోతున్నావా అని అడిగితే కిటికీ గాలి బాగుంటోందంది. కార్డు మాట నేనెత్తకముందే ఆవిడే ఎత్తింది.

"అత్తమామల్నే రాయి. నేను మందులు మింగుతూ బండి లాగిస్తాను. నీ కాపురంలో నా పేరు మీద గొడవ వద్దు."

అప్పట్నుంచీ ఫోను మోగితే నా గుండె గుభేలుమంటోంది. మోగకపోతే ఇంకా భయం. రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని ఫోన్ చేసి, ఆవిడ మాటల మధ్య ఊపిరి ఎక్కడ తెగుతోందో వింటున్నాను. ఒకరోజు ధైర్యం చేసి మా ఆయనతో అన్నాను, అమ్మ పేరు రాస్తే ఎలా ఉంటుందీ అని. ఆయన అరవలేదు, అరిచే మనిషి కాదు. మీ అమ్మకి మందులతో తగ్గుతుందేమో చూద్దాం అన్నారు. కన్నతల్లిని రాసుకుని అత్తమామల్ని గాలికొదిలేసిందని రేపు నలుగురూ నిన్నే అంటారు, నీ మంచికే చెబుతున్నా అన్నారు. తర్వాత అటు తిరిగి పడుకున్నారు. నా మంచి కోసం చెప్పిన మాటలన్నీ కలిపి చూస్తే, వాటితో నాకు జరిగిన మంచి ఒక్కటీ తట్టలేదు. తెల్లారి అత్తయ్య నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం మామూలుకన్నా గట్టిగా మాట్లాడాయి.

ఆఫీసులో సలహా అడుగుదామంటే మా సూపరింటెండెంటు గారు అడగకముందే చెప్పేశారు, ఇందులో ఆలోచించేదేముందమ్మా, ఆడవాళ్ళంతా అత్తమామల్నే రాస్తారు, గొడవ ఉండదు అని. తపాలా సెక్షన్లో ఒక అక్క ఉంది, ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. ఆవిణ్ణి అడిగాను, మీరెవర్ని రాశారక్కా అని. కవర్ల మీద స్టాంపులు అద్దుతూనే, "నేను రాసినప్పుడు మా నాన్న గుండ్రాయిలా ఉండేవాడు" అంది. ఇంకో కవర్ల కట్ట ముందుకి లాక్కుంది.

గురువారం మాకు క్లాసు పెట్టారు. ఉద్యోగాన్నీ ఇంటినీ సమతూకంగా నడుపుకోవడం ఎలా అనే విషయం మీద, బయటి నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి. పెట్టింది సాయంత్రం ఆఫీసు వదిలాక. మగవాళ్ళు బిస్కెట్లు తింటూ తాపీగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళం తలుపు పక్క వరుసలో, సంచులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున. మామయ్యగారు మెట్లు దిగలేరు, అత్తయ్యకి చీకట్లో కళ్ళు ఆనవు, పాపని ట్యూషన్ నుంచి ఎవరు తీసుకొస్తారు? మా ఆయనకి మెసేజీ పెడితే మీటింగులో ఉన్నాను, నువ్వు చూసుకో అని జవాబు. పక్కింటావిడని బతిమాలుకున్నాను. వేదిక మీదాయన అందర్నీ కళ్ళు మూసుకుని, గుండె నిండా ఊపిరి తీసుకుని, నెమ్మదిగా వదలమన్నాడు. కళ్ళు మూసుకోగానే దిళ్ళకి ఆనుకుని కూర్చున్న అమ్మ కనిపించింది. నాకు ఊపిరి తీసుకోబుద్ధి కాలేదు. సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. వెనక ఎవరో, ఆడవాళ్ళకి ఇలాంటివాటి మీద ఆసక్తి ఉండదండీ అంటున్నారు.

శుక్రవారం కాగితం డ్రాయర్లోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పెన్ను మూత తీస్తాను, పెడతాను. అప్పుడే వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు గారు తన కాగితం పట్టుకొచ్చారు. నిలబడే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇంటికి ఏసీ బిగించేవాడితో మాట్లాడుతూనే పేర్లన్నీ పూర్తిచేశారు. తల్లి, తండ్రి, భార్య, కొడుకు. ఆయన కాగితంలో కొట్టేయాల్సిన వరుసే లేదు. ఎందుకో ఉండబట్టలేక, మీ అత్తమామలు ఎక్కడుంటారండీ అని అడిగాను. ఆయన నవ్వారు. "వాళ్ళకేమండీ, వాళ్ళబ్బాయి చూసుకుంటాడుగా."

ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మా మామయ్యగారికీ అబ్బాయిలున్నారు. ఇద్దరు. పెద్దాయన, మా బావగారు, ఇదే ఊళ్ళో సర్వే ఆఫీసులో అధికారి. ఇదే ప్రభుత్వం, ఇదే కార్డు, ఇదే గడువు. ఆ మోకాళ్ళ గురించి మా ఇంట్లో ఇన్నాళ్ళుగా మాట్లాడుకోని పూట లేదు, ఆ మాటల్లో బావగారి పేరు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆయన నెలకోసారి యాపిల్ పళ్ళు తెస్తారు. తండ్రి పక్కన కూర్చుని మోకాలు నిమిరి, ఇంక ఆలస్యం చేయకూడదు నాన్నా అంటారు. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ నన్నడుగుతారు, కార్డు పని ఎందాకా వచ్చిందమ్మా అని. గుమ్మం దాకా వెళ్ళి, అవుతోంది బావగారూ అని వినయంగా చెప్పేదాన్ని నేను. ఆయన్ని అడగొచ్చని మా ఆయనకి తట్టలేదు, అత్తయ్యకి తట్టలేదు. రోజంతా మగవాళ్ళ కాగితాల మీద తల్లీతండ్రుల పేర్లు సరిచూసే నాకూ తట్టలేదు. అందరం కలిసి నా ఒక్కదాని వైపే చూశాం, నాతో సహా.

గీత తిన్నగా రాలేదు. కాస్త కిందికి జారింది. అత్తమామలన్న మాట మీద గీత పడుతున్నప్పుడు గోడ పట్టుకుని నడిచే మామయ్యగారే కళ్ళముందు మెదిలారు. అయినా గీత చివరిదాకా గీశాను. కాగితం తీసుకెళ్ళి సూపరింటెండెంటు గారికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, అమ్మా, కంగారులో ఒకటి కొట్టబోయి ఇంకోటి కొట్టేసినట్టున్నావు, కొత్త కాగితం తెచ్చుకో అన్నారు. పొరపాటు కాదు సార్ అన్నాను. ఇంట్లో తెలుసా అని అడిగారు. ఇవాళ తెలుస్తుంది సార్ అన్నాను. ఇంకేమంటారోనని నిలబడ్డాను. సంతకం పెట్టేశారు.

ఇంటికొచ్చే దారంతా బస్సులో మాటలు కూర్చుకున్నాను. కూర్చినవన్నీ గుమ్మంలో అడుగుపెట్టేసరికి చెల్లాచెదురయ్యాయి. వంట చేశాను, పాప చేత లెక్కలు చేయించాను, అందరికీ వడ్డించాను. మా ఆయన ముద్ద కలుపుతూ అడిగారు, కాగితం ఇచ్చేశావా అని. ఇచ్చేశానన్నాను. మామయ్యగారి మొహం వెలిగింది. అయితే సోమవారమే హాస్పిటల్‌కి ఫోన్ చేద్దామన్నారు.

"మా అమ్మ పేరు రాశాను," అన్నాను.

అత్తయ్య చేతిలో మంచినీళ్ళ చెంబు అలాగే ఉండిపోయింది. పాప ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తోంది. మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, మెల్లగా, పళ్ళ బిగువున అన్నారు, "మరి నాన్న కాళ్ళ సంగతేంటి?"

ఎప్పట్లా ఆయనకి సంజాయిషీ చెప్పుకోవాలనే అనిపించింది, అలవాటు. ఆయన వైపు తిరగకుండా మామయ్యగారి వైపే చూశాను.

"బావగారిని అడగండి, మామయ్యగారూ. మీ పేరు రాసుకోవడానికి ఆయన వాళ్ళమ్మని వదులుకోనక్కర్లేదు."