త్రాసు మీద ఏడు మిల్లీగ్రాములు

పెద్దకోడలు రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, జుట్టు మీదికి టోపీ లాక్కుని త్రాసు ముందు కూర్చునేది. మామూలు మొక్కజొన్న పిండిలో జన్యువులు మార్చిన మొక్కజొన్న పిండిని నూటికి ఒక పాలు, కచ్చితంగా కలిపి సీసాలకెత్తడం ఆ ల్యాబ్ పని. ఎక్కడెక్కడో ఆహారాన్ని పరీక్షించేవాళ్ళంతా తమ లెక్క సరో కాదో ఆ సీసాతోనే పోల్చి చూసుకుంటారు. సీసా తప్పితే అందరి లెక్కా తప్పినట్టే.

ఆ త్రాసు, తన ఎదురుగా కూర్చున్న మనిషి మనసులోని కుళ్ళును కూడా తూచేది. అందుకని ఖాళీ పళ్ళెం మీద ఎంత చూపిస్తే అంత పుస్తకంలో రాసి, తూకంలోంచి తీసెయ్యాలి. రాసినవాళ్ళ పక్కన ఇంకొకరు నిలబడి, ఆ అంకె కదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఇందులో ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు.

పెద్దకోడలు మాత్రం పడేది. తన తర్వాత ల్యాబ్‌లో చేరిన తోడికోడలిని ఇంట్లో అత్తగారు మెచ్చుకుంటే సరే, ఇక్కడ కూడానా! ఆ మంట మూడు మిల్లీగ్రాములు. గుట్టుగా సున్నా బటన్ నొక్కి ఆ మూడునీ చెరిపేసి, పుస్తకంలో ‘లేదు’ అని గిలికి, ఒక్కతే తూచుకునేది.

ఆ రోజు తూకం సగంలో ఉండగా చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది.

“అక్కా! ఈసారి నుంచి సీసాల సర్టిఫికెట్ మీద నా సంతకమట!”

“మంచిదే,” అంది పెద్దకోడలు. కడుపు భగ్గుమంది. పదేళ్ళుగా ఆ సంతకం కోసమే కాచుకుని కూర్చుంది మరి.

తూకం ముగించి చూస్తే ఖాళీ పళ్ళెం మీద నాలుగు. అంటే కుళ్ళు ఏడుకు చేరింది, పిండి నాలుగు తగ్గింది. సీసాలు బయటికెళ్తే మాట పడేది సంతకం పెట్టిన మనిషే. తను నోరు మూసుకుంటే చాలు. సాయంత్రం చిన్నకోడలు పెన్ను మూత తీసేదాకా మూసుకునే ఉంది.

“ఆగవే! సంతకం పెట్టకు. తూకం తప్పింది.”

అంతా చెప్పేసింది. చిన్నకోడలు తెల్లబోయింది.

“అయితే నువ్వా పుస్తకం ఎప్పుడూ తిరగెయ్యలేదా అక్కా?”

అప్పుడు తిరగేసింది. ఏడాది పొడుగునా చిన్నకోడలి గుండ్రటి అక్షరాలు: ‘ఐదు. అక్క మీద. ఆవిడ చెయ్యి వణకదు.’

పెద్దకోడలు ఆనాటి ‘లేదు’ కొట్టేసి ‘ఏడు’ అని రాసింది. పైఅధికారి ఆమెను మూతలు బిగించే బల్ల దగ్గరికి మార్చాడు.

మర్నాడు త్రాసు ముందు చిన్నకోడలు కూర్చుంది.

“ఎంతే?” ఆశగా అడిగింది పెద్దకోడలు.

“సున్నా అక్కా.”

బటన్ నొక్కిందేమోనని మెడ చాచి చూసింది. నొక్కలేదు. మూత బిగిస్తున్న పెద్దకోడలి చెయ్యి మొదటిసారి వణికింది. పోయిన సంతకం కోసం రాని ఏడుపు, ఆ ఐదు కోసం వచ్చింది.