తిరిగి ఎక్కించే మనిషి

క్లిఫర్డ్ చాకు మొనతో కుట్టు తెంపాడు. దుప్పితోలు కాలిజోడు లోపలి ఉన్ని అస్తరు పక్కకు తొలగింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పచ్చటి బిళ్లలు బల్ల మీద పడి దొర్లాయి.



"నావి కావు," అంది షేలిన్. పదహారేళ్ల పిల్ల. మేజోళ్లతో చల్లటి నేల మీద నిలబడి ఉంది.

"మరెవరివి?"

పిల్ల నోరు తెరిచింది. పక్క కుర్చీలో ఉన్న అమ్మమ్మ ఫిలోమిన్ వైపు చూడకుండానే మళ్లీ మూసుకుంది.

మత్తు మాన్పించే ఆ కేంద్రానికి క్లిఫర్డ్ డైరెక్టర్. చెడ్డవాడు కాదు. కానీ కిందటేడు ఎవరో లోపలికి తెచ్చిన బిళ్లలు మింగి ఒక పిల్లాడు చావు అంచు దాకా వెళ్లాడు. అప్పట్నుంచి ఒకటే నియమం: గుమ్మంలో మత్తు దొరికితే, తెచ్చిన విమానంలోనే వెనక్కి. ఖాళీ అయిన మంచం, వరసలో ఎదురుచూస్తున్న మరొకరికి.

"వేసవి నుంచీ ఎదురుచూశావు కదమ్మా. నువ్వే ఫోన్ చేసి చేర్చుకోమని అడిగావు. పెట్టిందెవరో తేలితే మంచం నీదే. చెప్పు."

షేలిన్ తల దించుకుంది.

క్లిఫర్డ్ మొహం రుద్దుకున్నాడు. "విమానం చీకటి పడేలోగా లేవాలి. వెర్నా, తీసుకెళ్లు."

తలుపు దగ్గర నిలబడిన వెర్నా ఒకిమౌ, జేబులోంచి వ్యాను తాళాలు తీసింది. అరవై దాటిన మనిషి. పొట్టి, వెడల్పాటి భుజాలు, ఎండకీ మంచుకీ నల్లబడిన బుగ్గలు, ఎడమ చేతికి ఎప్పుడూ ఊడని గ్లవ్. గడ్డకట్టిన సరస్సు మీద దిగిన విమానం నుంచి పిల్లల్ని తేవడం, నయమైన పిల్లల్ని మళ్లీ విమానం ఎక్కించడం ఆమె పని. ఎందరో డైరెక్టర్లు మారారు. వెర్నా ఉంది. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

వ్యాను కదిలింది. హీటరు ఒకవైపే పనిచేస్తుంది. వెర్నా ముసలామెను వెనక సీటులో ఆ వైపు, పిల్లను ఆమె పక్కన కూర్చోబెట్టింది.

"ఈ బండి నాకంటే ముసలిదానిలా ఉందే," అంది ఫిలోమిన్.

"నీకంటే తక్కువే మూలుగుతుందిలే అవ్వా."

షేలిన్ నవ్వబోయి ఆగిపోయింది. వెర్నా తువ్వాలులో చుట్టిన రొట్టె వెనక్కి అందించింది. పిల్ల ముట్టలేదు.

"ఆంటీ."

"ఊఁ."

"ఇంటికెళ్తే ఈ చలికాలం దాటను నేను. పక్కింట్లోనే అమ్ముతారు. మా అన్న రైలీ అక్కడ కొన్నవి మింగే చచ్చిపోయాడు."

వెర్నా తల పైకెత్తింది. అద్దంలో ముసలామె కనిపించింది. ఒళ్లో రెండు జోళ్లు. ఒకదాని కుట్టు విప్పి ఉంది. ముసలి వేళ్లు తెగిన దారాన్ని నిమురుతున్నాయి.

ఏదో సరిగ్గా లేదు.

అమ్మమ్మలు కుట్టిన జోళ్లను ఆ కేంద్రంలో ఎవరూ వెతకరు. ఎక్కడా రాసి లేదు, అలవాటు అంతే. పిల్ల వాటితోనే గుమ్మం దాటుతుంది. బూట్లు విదిలిస్తారు, సంచులు బోర్లిస్తారు, వీటి జోలికి మాత్రం పోరు. ఇవాళ షేలిన్ కాళ్ల నుంచి వాటిని విప్పి బల్ల మీద పెట్టిందెవరు? "వీటినీ చూడండి" అన్నదెవరు? ముసలామే.

వెర్నా బ్రేకు వేసింది. ఎదురుగా సరస్సు, మంచు మీద చిన్న విమానం, చుట్టూ తిరుగుతున్న పైలెట్. పడమట వెలుగు పలచబడుతోంది.

ఆమె వెనక్కి తిరగలేదు. అద్దంతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"మా జాతి పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుని దూరపు బడికి పట్టుకుపోయే సర్కారు విమానం మా ఊరికొచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. మా అమ్మ ఎర్రపళ్లు నలిపి నా మొహానికీ మెడకీ పూసింది. తట్టు అనుకుని నన్ను వదిలేశారు."

ముసలి వేళ్లు ఆగాయి.

"తమ్ముడి దాకా రసం చాల్లేదు. అల్ఫోన్స్ వాడి పేరు. వాణ్ని ఎక్కించారు. ఇంటికి తిరిగి ఎవరూ ఎక్కించలేదు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు. హీటరు గరగరలాడింది.

"నన్నూ ఎక్కించారు," అంది ఫిలోమిన్. "నేనొచ్చాను. మా అక్క రాలేదు." కిటికీలోంచి విమానం వైపు చూసింది. "ఇక్కడ తిరిగి ఎక్కించేదెవరు?"

"నేనే. నేను దింపుకున్న పిల్లల్లో నేను ఎక్కించనివాళ్లు లేరు. పారిపోయినవాళ్లని అడవిలో వెతికి మరీ ఎక్కించా."

"నువ్వు చస్తే?"

"ముందు ఈ బండి చావాలి."

ఫిలోమిన్ నవ్వలేదు. మనవరాలి తల దగ్గరకు లాక్కుని నుదురు వాసన చూసింది. విప్పిన జోడు కోటులో దోపుకుని, తలుపు తోసుకుని దిగింది. మంచు మీద ఒంగి నడుస్తూ విమానం ఎక్కింది. వెనక్కి చూడలేదు.

షేలిన్ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వెర్నా ముందు నుంచి మీట నొక్కింది. తలుపులు బిగుసుకున్నాయి.

"ఆంటీ?"

"కూర్చో."

చేతి రేడియో బుసకొట్టింది. "వెర్నా, పిల్లని పంపు. వెలుగు పోతోంది," పైలెట్.

వెర్నా రేడియో చేతిలోకి తీసుకుంది.

"వెర్నా, ఆలస్యం ఎందుకు?" ఈసారి కేంద్రం నుంచి క్లిఫర్డ్. ఈ సరస్సు చుట్టూ రేడియో ఉన్న ప్రతి ఇల్లూ వింటూ ఉంటుంది. ఇంత కాలంలో వెర్నా ఒక్క విమానాన్నీ ఆపలేదని వాళ్లందరికీ తెలుసు. విమానం ఇంజను రేగింది. రెక్కల కింద మంచు లేచింది. ఆమె బొటనవేలు రేడియో మీట మీదే ఉంది, నొక్కలేదు. బిళ్లలు పెట్టిందెవరో తను చెప్పేది కాదు. పిల్ల చేత చెప్పించేదీ కాదు.

పైలెట్ మళ్లీ పిలిచాడు. తర్వాత ఏదో గలాటా. ఇంజను హోరు మధ్య, రేడియోను నోటికి మరీ దగ్గరగా పట్టుకున్న ముసలామె గొంతు.

"ఇది నొక్కాలా? క్లిఫర్డ్, విను. వినేవాళ్లందరూ వినండి. తప్పు పిల్లది కాదు. ఎప్పుడో దాని పరుపు కింద దొరికినవి దాచిపెట్టి, దాన్ని వెనక్కి తీసుకుపోదామని జోడులో కుట్టింది నేను. ఫిలోమిన్ మికిస్. దాని అమ్మమ్మని."

వెర్నా వ్యాను కేంద్రం వైపు వెనక్కి తిప్పింది. వెనక సీటులో, షేలిన్ పక్కన, హీటరు తగిలే వైపు, రెండో జోడు ఉంది, కుట్టు చెదరకుండా, ముసలామె ఒంటి వేడి ఇంకా ఆరకుండా.