కోల్డ్‌రూమ్‌లో పులి

మా ఆయన నన్ను "కంపెనీలో పులి, ఇంట్లో పిల్లి" అనేవాడు. సామెతను తిరగేసి వాడినందుకు ఆయనకు మహా సంబరం. ఆయన టైర్ల షాపు నుంచి ఎవరొచ్చినా వాళ్ళ ముందు అదే మాట, వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వబోయేదాన్ని. పెదవుల చివర్లు లేవక, మధ్యలో పళ్ళు మాత్రం బయటపడి, అది వెక్కిరింతలా కనిపించేదట. అందరి ముందూ మొగుణ్ణి వెక్కిరిస్తానా అని రాత్రంతా సణుగుడు.

నేను పులినన్నదానికి సాక్షి మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. బావ పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. చేపల్ని కోసి, తూచి, పెట్టెల్లో సర్ది పంపే కంపెనీలో నాది కోల్డ్‌రూమ్ పని, ఆ గదికి సూపర్‌వైజర్ అక్క. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా గ్లౌజులు, మాట్లాడితే నోట్లోంచి పొగ. తక్కినవాళ్ళకు అక్కడ వేళ్ళు కొంకర్లు పోయేవి. నా వేళ్ళు మాత్రం ఆ గదిలోకి వెళ్ళాకే నా మాట వినేవి. చేపముక్కల ట్రేలు చకచకా స్టాండుకెక్కించేదాన్ని.

ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడ్డానంటే అయిపోయిందన్నమాటే. ఎడమ రెప్ప కిందికి జారేది. గరిట తిప్పుతున్న చెయ్యి దానంతటదే వాలిపోయేది. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ మొండికేసేది, గడ్డం కింద చెయ్యి పెట్టి నమిలించేదాన్ని. మాట ముక్కులోంచి వచ్చేది. పొద్దున లేస్తే మళ్ళీ మామూలే. వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళిందీ పొద్దున్నే, ఆయన నన్ను ఎగాదిగా చూసి బలానికి టానిక్ రాసి పంపాడు. ఇంత అనుమానం పుట్టించే జబ్బు ఇంకోటుంటుందా? నాకే నామీద అనుమానం వచ్చేది, ఇక వాళ్ళనేం అంటాను. కాదు, అంటాను. ఎందుకు అనకూడదు?

మా ఆయన నమ్మకపోతే పోయె. ఆయనకు తలనొప్పి వస్తే లోకమంతా ఆగిపోవాలి, పక్కవాళ్ళకొస్తే నాటకం. నాకు కావలసిందల్లా అక్క నమ్మడం. చిన్నప్పుడు నా ఒళ్ళు కాస్త వెచ్చబడితే నాకన్నా ముందు తనకే తెలిసేది. ఓ రోజు పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. విన్నంతసేపు విని, నా జుట్టు సవరించి అంది:

"నా కళ్ళతో చూస్తున్నా కదే చిన్నీ. అక్కడ ఇద్దరి పని ఒక్కదానివే చేస్తావు. ఇంటికొచ్చేసరికి గరిట బరువైపోతుందా? నీకు ఇంటిమీద మనసు లేదు, అంతే."

అక్క అబద్ధమాడే మనిషి కాదు, అదే నా ఖర్మ. దొంగసాక్షి అయితే నిలదీసి కడిగేయొచ్చు. చూసింది చూసినట్టు చెప్పే సాక్షిని ఏం చేస్తాం?

గోరుచుట్టు మీద రోకటిపోటులా మా ఆయన ఉద్యోగం మానేయమని మొదలుపెట్టాడు. మానేస్తే ఆ ఓపికంతా ఇంటికి మిగులుతుందని ఆయన లెక్క, నా ఓపికేదో గిన్నెలో పాలైనట్టు. మానడానికి వీల్లేదని నేను. ఇద్దరి మధ్యా అక్క ఒక తీర్పు చెప్పింది. రొయ్యలు ఉడకబెట్టే గదిలో తేలిక పని ఉందట, కూర్చునే చేసుకోవచ్చట. మేనేజరుతో మాట్లాడి నన్ను అక్కడికి మార్పించింది. నామీద ప్రేమతోనే చేసింది, ఆ మాట మీద ఒట్టేసి చెప్పగలను.

వద్దని బతిమాలాను. ఆ చలిలోనే నాకు కాస్త బాగుంటుందన్నాను. చలి ఎవరికైనా బాగుంటుందా అని నవ్వింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఆ గది నిండా ఆవిరే. మధ్యాహ్నానికి రెండు రెప్పలూ మూతపడ్డాయి. మెడ మీద తల నిలవడం లేదు. మంచినీళ్ళు తాగబోతే ముక్కులోంచి వచ్చేశాయి. చేతిలో బుట్ట జారి రొయ్యలన్నీ నేల పాలయ్యాయి. ఎవరో పరిగెత్తి వెళ్ళి అక్కను తీసుకొచ్చారు. పంతం కొద్దీ చేశాననుకుందేమో, అందరి ముందే చెయ్యి పట్టి లాగింది.

"చాల్లే నాటకం. లే."

అక్కా అనబోయాను. గాలి తప్ప మాట రాలేదు. ఆ గాలీ పలచబడిపోయింది. అప్పుడు భయపడింది మా అక్క.

ఆస్పత్రిలో నాకు ఊపిరి కుదుటపడ్డాక నరాల డాక్టరమ్మ వచ్చింది. సంగతంతా అక్కనే అడిగింది. కోల్డ్‌రూమ్‌లో బాగానే ఉండేదని అక్క అనగానే ఆవిడ తలెత్తి చూసింది. రబ్బరు గ్లౌజులో మంచుముక్కలు నింపి, ముడేసి, నా ఎడమ రెప్ప మీద కాసేపు ఉంచి తీసింది. రెప్ప లేచింది. ఆ కంటితో నేను మొదట చూసింది అక్క ముఖం. పాలిపోయి ఉంది.

"నరం చివర్నుంచి ఒక రసాయనం వస్తుందమ్మా," అంది డాక్టరమ్మ. "దాన్ని అందుకోవడానికి కండరం మీద గ్రాహకాలుంటాయి, రిసెప్టర్లంటాం. అవి అందుకుంటేనే కండరం కదులుతుంది. రోగాల నుంచి కాపాడాల్సిన మీ ఒంటి కాపలాయే వాటిమీద పడి పాడుచేస్తోంది. నరం చెప్తూనే ఉంది, అందుకునేవే తక్కువైపోయాయి. చల్లగా ఉంటే ఆ రసాయనం తొందరగా విరిగిపోదు, మిగిలిన కాసినిటికీ అందుతుంది."

రక్తపరీక్షలోనూ అదే తేలింది. కంచే చేను మేయడమంటే ఇదేననుకున్నాను. చెప్పేవాళ్ళు చెప్తూనే ఉంటే అందుకునేవాళ్ళు లేకపోవడం ఒంట్లోనే కాదు, ఇంట్లోనూ ఉందని డాక్టరమ్మకు ఎవరు చెప్పాలి. నవ్వు వెక్కిరింతలా రావడం కూడా ఈ జబ్బు లక్షణమేనని ఆవిడ మా ఆయనకు విడమరిచి చెప్పింది. ఆయన గోడ వంక చూస్తూ విన్నాడు. అక్క మాత్రం నా మంచం పక్కన నేలమీద కూలబడి, నిన్ను ఆ గదిలోకి తోసింది నేనే కదే అని ఏడ్చింది. చెయ్యి చాచి తన కళ్ళు తుడిచాను. నాకు కావలసింది దొరికిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

మాత్రలు మొదలయ్యాయి. కంపెనీ వాళ్ళు జబ్బుమనిషిని పనిలో పెట్టుకోలేమన్నారు. ఇంటిపట్టునే ఉండనీయండి, అదే మంచిదని అక్క కూడా తలూపి వచ్చిందట. ఒంట్లో శక్తి ఉండే చోటు నాకు ఒక్కటే ఉండేది. అది పోయింది.

ఓ సాయంత్రం వంటింట్లో నా రెప్ప వాలుతుండగా అక్క డ్యూటీ నుంచి వచ్చింది. సంచిలోంచి కంపెనీ గ్లౌజు తీసింది, నిండా మంచుముక్కలు. గిన్నెలో పెట్టి, నా చేతికందేలా పొయ్యి పక్కన సర్దింది. ముఖం వెలిగిపోతోంది.

"డాక్టరమ్మ చూపించింది కదే చిన్నీ. వాలినప్పుడల్లా కళ్ళమీద, చేతులమీద పెట్టుకో. కూర అయిపోతుంది. రోజూ తెస్తాలే."

ఇంత తేలికని తెలిస్తే ఇన్నాళ్ళు గొడవే ఉండేది కాదు కదా అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

నేను గ్లౌజు వంక చూశాను, అక్క వంక చూశాను. నా పెదవులు సాగాయి, పళ్ళు బయటపడ్డాయి. అక్క ముఖం చిన్నబోయింది. మా ఆయన గబగబా లోపలికొచ్చి, నా పక్కన నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను వెనకేసుకు రావడం అదే మొదటిసారి.

"ఏమీ అనుకోకండి వదినా. అది వెక్కిరింత కాదు, జబ్బు. పాపం, నవ్వబోయింది."

నేను నవ్వబోలేదు. అది అచ్చంగా వెక్కిరింతే.