అవతలి కొస

నేను మాట్లాడేది తక్కువ. దుంగలు కోసే పనిలో మాటలతో అవసరం ఉండేది కాదు. గుంట మీద అడ్డంగా దుంగ, పైన నేను, కింద నా జోడీ, మధ్యలో పొడుగాటి రంపం. నేను లాగినప్పుడు వాడు వదలాలి, వాడు లాగినప్పుడు నేను వదలాలి. తొయ్యకూడదు. తోస్తే రంపం వంకరపోతుంది. జోడీ చచ్చిపోయాక ఆ పనీ పోయింది. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాను.

మనవలు ఇద్దరు. పెద్దోడికి పుట్టుకతోనే గుండెలో లోపం. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారతాయి. చిన్నోడు గుండ్రాయిలా ఉంటాడు. బడి నుంచి రాగానే ఇద్దరూ టీవీ ముందు చేరి, చెరో మీటల పెట్టె పట్టుకుని ఆట మొదలెట్టేవారు. అందులో ఇద్దరు బుల్లి మనుషులు తాడుకి చెరో కొసా పట్టుకుని లోయ దాటాలి. చిన్నోడు తొందరపడి జారిపోతే పెద్దోడు ఆగి పైకి లాగేవాడు.

అల్లుడు బస్సు నడుపుతాడు. సెలవున్న ఒకరోజు సాయంత్రం వచ్చి టీవీ కట్టేశాడు.

"వీళ్ళకి పొద్దు పొడవడం కూడా ఇందులోనే మావయ్యా! లేవండిరా, ఇంటి వెనకే అంత మైదానం ఉంది."

"ఈ ఒక్క లోయ నాన్నా," అన్నాడు చిన్నోడు.

"ఆ లోయలో పడి ఏడాదయింది. ఇంక ఎక్కి రండి," అంటూ కూతురు వాళ్ళ చెప్పులు తెచ్చి ముందు పడేసింది. "పెద్దోడా, నువ్వు కూడా. మెల్లగా నడిస్తే మంచిదేనని డాక్టరు చెప్పాడుగా. ఇద్దరూ కలిసి ఆడుకోండి."

ఆ మాటలో తప్పేమీ లేదు.

అందరం మైదానానికి వెళ్ళాం. చిన్నోడు మొదట అన్న చెయ్యి పట్టుకునే నడిచాడు. ఇంతలో ఎవరిదో బంతి కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. తన్నాడు.

"ఒరేయ్ బుడ్డోడా, భలే తన్నావే! రా మాలోకి," అని కేకేశారు ఆడుతున్న పిల్లలు.

చిన్నోడు అన్న మొహంలోకి చూశాడు. "పోరా," అన్నాడు పెద్దోడు. చెయ్యి విడిపించుకున్నదీ వాడే.

వచ్చి మైదానం అంచున బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. అల్లుడు ఈలలు వేస్తున్నాడు. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చిన్నోడు అంత పరుగు పరిగెత్తగలడని మాకెవరికీ తెలియదు.

"తాతా, ఆటలోనైతే వాడికోసం నేనే ఆగేవాణ్ణి," అన్నాడు పెద్దోడు.



ఆ తర్వాత చిన్నోడు ఎవరూ చెప్పకుండానే బయటికి పోయేవాడు. దుమ్ము కొట్టుకుని వచ్చి, తింటూ తింటూనే తూగేవాడు. "ఒక్క లోయరా," అని పెద్దోడు భుజం కుదిపితే, "రేపన్నా," అని అటు తిరిగేవాడు.

ఒక సాయంత్రం తల్లి మైదానానికి రమ్మంటే పెద్దోడు నీరసమన్నాడు. అబద్ధమని నాకు తెలుసు. వాడి నుదురు చూసి, నన్ను కాపలా ఉంచి, మిగతావాళ్ళు వెళ్ళారు.

తలుపు పడగానే టీవీ పెట్టాడు. ఒక పెట్టె చేతుల్లో పట్టుకున్నాడు. రెండోది నేలమీద పెట్టి కాలివేళ్ళతో నొక్కుతున్నాడు. బుల్లి మనుషులిద్దరూ లోయలో పడ్డారు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడ్డారు.

జోడీ పోయిన కొత్తలో నేనూ రంపం కింది పిడికి రాయి కట్టి చూశాను. దుంగ తెగలేదు.

వంగి వాడి కాలికింది పెట్టె తీసుకున్నాను.

"నీకు రాదు తాతా."

"చెప్పు."

నా బొటనవేలు ఒకేసారి రెండు మీటల మీద పడుతోంది. పడ్డాం. ఇంకోసారి పడ్డాం.

"తొయ్యకు తాతా! లాగు. నేను వదిలినప్పుడు నువ్వు లాగాలి."

అది నాకు తెలుసు. లాగాను. వాడు వదిలాడు. వాడు లాగాడు, నేను వదిలాను. సగం లోయ దాటాం. వాడి మొహం కాస్త విప్పారింది.

కిటికీలోంచి చిన్నోడి కేక వినపడింది. వెంటనే అల్లుడి ఈల. పెద్దోడు తల అటు తిప్పాడు. వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

తెర మీద తాడు అవతలి కొస వదులైంది. నేను లాగుతూనే ఉన్నాను.