పట్టుకునే మనిషి

"ఇదిగో, కొంచెం పట్టుకో."

పెళ్ళయిన కొత్తలో భర్త ఆమెకి చెప్పిన మొదటి పని అదే. ఆ కొంచెం ఇన్నేళ్ళయినా పూర్తి కాలేదు.

ఇళ్ళ చుట్టూ చెక్క కంచెలు వేయడం, ఒరిగినవాటిని నిలబెట్టడం, కుళ్ళినవాటిని మార్చడం ఆ ఇంటి మగవాళ్ళ వృత్తి. గొయ్యి తవ్వి, గుంజ దించి, చుట్టూ కాంక్రీటు పోస్తారు. అది బిగుసుకునేదాకా గుంజ అటూ ఇటూ ఒరగకుండా ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే. ఎండలో పట్టుకుంది, చినుకుల్లో పట్టుకుంది, కూతురు కడుపులో ఉన్నప్పుడు పొట్ట అడ్డమొస్తే పక్కకి తిరిగి పట్టుకుంది. ముక్కు మీద ఈగ వాలినా తల విదిలించుకోవాలే తప్ప చెయ్యి తీయడానికి లేదు. "కదలకు" అనేవాడు భర్త. తను మాత్రం కాస్త ఎడంగా నిలబడి, ఇంటివాళ్ళిచ్చిన టీ తాగుతూ లోకాభిరామాయణం మాట్లాడేవాడు.

ఇంటివాళ్ళెవరైనా ముచ్చటపడి, "ఆవిడ కూడా మేస్త్రీయేనా?" అని అడిగితే నవ్వేసేవాడు. "అబ్బే, మా ఆవిడండీ. ఊరికే సాయానికి వచ్చింది."

సాయానికి వచ్చిన మనిషి పొద్దున్నే లేచి అందరికీ వండి డబ్బాలు సర్దేది. చెక్కల దుకాణానికి ఫోను చేసి ఎన్ని గుంజలు, ఎన్ని పలకలు కావాలో చెప్పేది. ముందు సీట్లో భర్త, మరిది కూర్చుంటారు కాబట్టి ట్రక్కు వెనకాల కాంక్రీటు బస్తాల మధ్య సర్దుకుని పనికి వెళ్ళేది. సాయంత్రం మగవాళ్ళు ఒళ్ళు నొప్పులంటూ చేరగిలబడితే, వాళ్ళ బట్టలకంటిన సిమెంటు గోళ్ళతో గోకేది. మరిదికి వారం తిరిగేసరికి కూలి చేతిలో పడేది. ఆమెకి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అడగాలన్న ఆలోచన ఆమెకి చాలాసార్లు వచ్చింది గానీ అత్తగారు ముందే తేల్చేశారు. "నువ్వు చేసేదేముందమ్మా, నిలబడ్డమేగా! ఇంట్లో నిలబడ్డా అంతే, అక్కడ నిలబడ్డా అంతే."

నిజమే, నిలబడ్డమే. అలా నిలబడి నిలబడి ఆమె అరచేతులకి ఒక సంగతి తెలిసింది. సరిగ్గా నిటారుగా ఉన్న గుంజకి బరువుండదు. వేళ్ళు ఊరికే ఆనించినా నిలుస్తుంది. రవ్వంత వాలిందంటే మాత్రం, బస్సులో నిద్రపోతూ మన భుజం మీదికి తూలే పక్కసీటు మనిషిలా నెమ్మదిగా మీద పడుతుంది. ఈ మాట భర్తకి చెప్పాలని చూసింది. "ఏమండీ, ఇది ఇంకా ఇటే వాలుతోంది."

"రసమట్టంలో బుడగ నడిమధ్యన ఉంది. బుడగ చెప్పేది వినాలా, నువ్వు చెప్పేది వినాలా?"

రసమట్టం మావగారిది. పొడుగాటి చెక్కబద్ద, అంచులకి ఇత్తడి, మధ్యలో అడ్డంగా గాజు గొట్టం, అందులో బుడగ. దాన్ని గుంజకి ఆనించినప్పుడు బుడగ రెండు గీతల మధ్యకి వస్తే గుంజ నిటారుగా ఉన్నట్టు లెక్క. మావగారు దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు. ఒకసారి దుమ్ము తుడుద్దామని ఆమె తీయబోతే, "అది ఆటవస్తువు కాదమ్మా" అని చేతిలోంచి లాక్కున్నారు. అంత అపురూపంగా చూసుకున్నదాన్ని ఒకరోజు ఆయన కొడుకే ట్రక్కు మీంచి జారవిడిచాడు. రాళ్ళ మీద పడింది. గాజు పగల్లేదు. అతను చుట్టూ చూసి, ఆమెని చూసి, "నాన్నకి చెప్పకు" అన్నాడు. ఆమె చెప్పలేదు. గుంజలతోపాటు ఆ మాట కూడా పట్టుకుంది.

ఆమె చేతులకీ బుడగకీ పొసగకపోవడం అప్పటినుంచే మొదలైంది. వాళ్ళు వేసిన కంచెలు కొన్నేళ్ళకే ఒకపక్కకి ఒరగసాగాయి. నేల మంచిది కాదన్నారు మావగారు. వానలెక్కువన్నాడు భర్త. పిల్లలు ఎక్కి ఉంటారన్నాడు మరిది. నింద మొయ్యడానికి లోకమంతా పనికొచ్చింది, ఆ బుడగ తప్ప.

అలాంటి సమయంలో గాలివాన వచ్చి ఊళ్ళో సగం కంచెల్ని పడుకోబెట్టింది. ఫోను మోగడం ఆగలేదు. చేసినవాళ్ళలో, ఇంట్లోనే పసిపిల్లల బడి నడుపుకునే టీచరు ఒకావిడ ఉంది. ఆవిడ ఇంటి కంచె పాతది, గుంజలు నేల దగ్గర ఎప్పుడో కుళ్ళాయి, గాలి ఒక్క తోపు తోసేసరికి మొత్తం రోడ్డు మీద పడింది. "ఎదురుగా లారీలు తిరిగే రోడ్డమ్మా. కంచె లేకుండా పిల్లల్ని ఎలా వదలను? సోమవారం బడి తెరవకపోతే వేరే చోట చేర్చేస్తామంటున్నారు. ఒకసారి పోయిన పిల్లలు మళ్ళీ రారు. నాకు ఇదొక్కటే ఆధారం." ఆవిడ ఏడవలేదు. ఏడుపు రాకుండా గట్టిగా మాట్లాడింది, అదే ఫోనులో వింటున్న ఆమెకి గుచ్చుకుంది.

అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే భర్త తల కూడా ఎత్తలేదు. "చిన్న పని. పెద్ద పెద్ద బంగళాలవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. వచ్చే నెల చూద్దామని చెప్పు. అన్నట్టు, బంగళాల పనికి కూలీల్ని పెట్టుకుంటున్నాం. నువ్వు ఇంట్లో ఉండి ఫోన్లు చూసుకో."

"అయితే ఆ కంచె నేను వేస్తాను" అంది ఆమె, కూర వడ్డిస్తూ.

మరిదికి పొలమారింది. మావగారు నవ్వారు. భర్త కూడా నవ్వి, అదేదో పెద్ద చిక్కుప్రశ్న అన్నట్టు అడిగాడు. "వేస్తావు సరే, మరి నీకెవరు పట్టుకుంటారు?"

అందరూ లేచి వెళ్ళిపోయారు. ఎంగిలి పళ్ళేలు, ఆ ప్రశ్న ఆమెకి మిగిలాయి. తోముతున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. నిజమే, తనకెవరు పట్టుకుంటారు? జ్వరమొచ్చిన రోజు ఎవరు పట్టుకున్నారు? పురిటి నొప్పులప్పుడు ఎవరు పట్టుకున్నారు? ఆవేళ కూడా భర్త ఎవరిదో గేటు బిగించి తీరిగ్గా వచ్చాడు, "అప్పుడే అయిపోయిందా" అన్నాడు. ఈ ఇంట్లో పట్టుకోవడమంతా తన వంతు, నిలబెట్టిన పేరంతా వాళ్ళ వంతు. ఆమెకి కోపం వచ్చింది. అంట్లు దబదబా పెట్టింది. "పళ్ళేలేం చేశాయమ్మా నిన్ను" అని లోపలినుంచి అత్తగారు కేకేశారు.

మర్నాడు మగవాళ్ళు వెళ్ళాక పెరట్లో బట్టలారేస్తుంటే గులాబీ మొక్క కంటపడింది. గాలివానకి వంగిపోయిందని ఆమే దానికి రెండు పుల్లలు, ఒకటి ఇటు నుంచి ఒకటి అటు నుంచి, ఏటవాలుగా ఊతమిచ్చి కట్టింది. మొక్క హాయిగా నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు. ఆమె తడిబట్ట భుజాన వేసుకుని చాలాసేపు చూసింది. గుంజకైనా అంతేగా! రెండు ఏటవాలు కర్రలు మేకులతో బిగించి, కింద నేలలోకి దిగ్గొడితే చాలు. కాంక్రీటు ఎండేదాకా కదలవు, ఈగ వాలినా తల విదిలించవు. మొదట ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెంటనే భుజాన ఉన్న తడిబట్ట తీసి బకెట్లో పడేసింది. రెండు కర్రముక్కలు చేసే పనికి ఇన్నేళ్ళు తనను నిలబెట్టారు. కుట్ర కూడా కాదు. అంత ఆలోచన ఎవరు చేశారు గనక! పట్టుకో అంటే పట్టుకునే మనిషి ఇంట్లో ఉండగా కర్రలెందుకు వెతుకుతారు?

బట్టలు బకెట్లోనే వదిలేసి చెక్కల దుకాణానికి ఫోను చేసింది. టీచరు ఇంటి గుర్తులు చెప్పి సరుకు అక్కడికే పంపమంది.

"మేస్త్రీగారు చెప్పారా అమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"మేస్త్రీయే చెబుతోంది" అంది ఆమె. నోరు దాటాక ఆ మాట ఆమెకే కొత్తగా, ఎంతో బాగా వినబడింది.

తలుపు తీసిన టీచరు ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వీధిలోకి తొంగిచూసింది. "మేస్త్రీ రాలేదా?"

"వచ్చానండీ" అని ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని గునపం అందుకుంది.

పని తేలిగ్గా సాగిందని చెబితే అబద్ధం. విరిగిన గుంజల మొదళ్ళు కాంక్రీటు ముద్దల్లో కూరుకుపోయి నేలలోంచి ఊడిరాలేదు. మొదటి ముద్దతోనే ఆమె పనైపోయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక దశలో నేల మీద కూలబడి, "ఎందుకొచ్చిన గొడవే నీకు" అని తనని తనే తిట్టుకుంది. తర్వాత బుద్ధి తట్టింది. పైకి లాగడం మగవాళ్ళ పద్ధతి, వాళ్ళు నలుగురుంటారు. తను ఒక్కతే. పక్కనుంచి ఏటవాలుగా మట్టి తవ్వి, గునపంతో ఎగదన్ని, ముద్దను దొర్లించి బయటికి తెచ్చింది. రెండోది ఇంకాస్త సులువుగా వచ్చింది. మిగతావి దారికొచ్చాయి.

గుంజ దించింది. బీరువాలో రసమట్టం ఉంటే ఉండనీ. టీచరుని అడిగి దారం ముక్క, ఒక పాత తాళంకప్ప తీసుకుంది. దారానికి తాళం కట్టి గుంజ పక్కన వేలాడదీసింది. భూమి కిందికి లాగుతుంది, దారం అబద్ధమాడదు. ఆమె అరచేతులు ఏ మాట అన్నాయో దారమూ అదే మాట అంది. ఊతకర్రలు బిగించి, కాంక్రీటు పోసి, వాననీళ్ళు నిలవకుండా పైన వాలుగా మెత్తి, చేతులు తీసేసింది.

గుంజ నిలబడే ఉంది. ఆమె కూర్చుంది. టీచరు తెచ్చిచ్చిన టీ వేడివేడిగా, చివరిదాకా, కూర్చుని తాగింది. ఇన్నేళ్ళ కంచెల పనిలో ఆమె వేడి టీ తాగడం అదే మొదలు. అంత రుచి టీలో ఉంటుందని ఆమెకి తెలియదు.

రోజూ మగవాళ్ళు ట్రక్కెక్కాక వెళ్ళడం, వాళ్ళు వచ్చేలోపు రావడం. ఆదివారం నాటికి పలకలన్నీ ఎక్కాయి, ఒక్క గేటు మిగిలింది. ఆవేళే సంగతి బయటపడింది. "మీ ఇంటావిడ భలే చురుకు మేస్త్రీ అండీ" అని దుకాణం అతను అన్నాట్ట. భర్త, మావగారు ట్రక్కేసుకుని వచ్చి దిగారు. మావగారి చంకలో గుడ్డ చుట్టిన రసమట్టం ఉంది.

"ఎవర్నడిగి వేశావు?" అన్నాడు భర్త. జవాబు కోసం ఆగకుండా రసమట్టం తీసుకుని మొదటి గుంజకి ఆనించాడు. బుడగ గీత దాటి పక్కకి పోయింది. అతని మొహం వికసించింది. "చూడండి నాన్నా! వంకర. ఇదీ ఈవిడగారి మేస్త్రీతనం. మొత్తం పీకి మళ్ళీ వెయ్యాలి." గుమ్మంలో నిలబడ్డ టీచరు మొహం పాలిపోయింది. రేపే సోమవారం.

ఒక్క క్షణం ఆమె కూడా ఆ బుడగనే నమ్మింది. అలవాటు అంత తొందరగా వదలదు. అప్రయత్నంగా గుంజ మీద చెయ్యి వేసింది. బరువు లేదు. ఆ చల్లని గుంజ ఆమె అరచేతిని తోయనూ లేదు, లాగనూ లేదు.

"మావయ్యా, ఆ బద్దని తిప్పి, రెండో అంచు ఆనించి చూడండి" అంది.

"ఏమిటి తిప్పేది..." అని భర్త అడ్డుపడ్డాడు గానీ, మావగారు అప్పటికే దాన్ని లాక్కుని తిప్పి పెట్టారు. బుడగ ఈసారి అవతలి పక్కకి పోయింది. మళ్ళీ తిప్పారు, ఇటొచ్చింది. మళ్ళీ తిప్పారు, అటుపోయింది. గుంజ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గుంజే వంకరైతే ఎటు తిప్పినా బుడగ ఒకే పక్కకి పోవాలి, తిప్పినప్పుడల్లా పక్క మారుతోందంటే వంకర బద్దలోనే. పెద్దాయన బద్దని కిందికి దించారు. ఒరిగిపోయిన కంచెలన్నీ ఆయన కళ్ళముందు వరసగా తిరిగి ఉంటాయి.

"ఇది ఎక్కడన్నా కిందపడిందా?"

భర్త ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. కొంచెం పట్టుకో అనే చూపు.

"ఆయన్నే అడగండి మావయ్యా" అని ఆమె ఆ మాట వదిలేసింది. వదిలాక భుజాలు తేలికపడ్డాయి.

మావగారు కొడుకు మొహం ఒకసారి చూశారు. రసమట్టాన్ని గుడ్డలో చుట్టకుండానే ట్రక్కులో పడేశారు. వచ్చి, ఒక కన్ను మూసి, కంచె వరస మొదటినుంచి చివరిదాకా చూశారు. వేలాడుతున్న తాళంకప్పని వేలితో తాకి, అది ఊగి ఊగి ఆగేదాకా చూస్తూ నిలబడ్డారు. "గేటు ఎప్పుడు బిగిస్తావమ్మా?" అన్నారు.

"ఇప్పుడే మావయ్యా."

గేటు కింద రెండు చెక్కముక్కలు పెడితే సరిగ్గా ఆ ఎత్తులో నిలుస్తుంది. ముక్కలు కోసి సిద్ధంగా పక్కనే పెట్టుకుంది కూడా. వాటిని కాలితో అవతలికి నెట్టింది.

"ఏమండీ, కొంచెం పట్టుకోండి."

భర్త తండ్రి వైపు చూశాడు. ఆయన అటు తిరిగి ఆకాశం చూస్తున్నారు. చేసేదిలేక గేటు ఎత్తి పట్టుకున్నాడు. ఆమె కీలుకి ఒక్కో మరమేకూ తీరిగ్గా బిగించింది. అతని నుదుట చెమట ముక్కు మీదికి జారింది. తుడుచుకోబోయాడు.

"కదలకండి" అంది ఆమె.

రేపు బడి ఉందో లేదో కనుక్కుందామని పాపని ఎత్తుకుని వచ్చిన ఒకావిడ, కొత్త కంచె చూసి ఆగిపోయింది. పలకల మీద చెయ్యి వేసి ఊపి చూసింది. కదల్లేదు. "మా ఇంటి కంచె కూడా పడిపోయిందండీ. ఎంత బాగా వేశారో! మేస్త్రీ ఎవరు, ఆయనేనా?"

భర్త నోరు తెరవబోయాడు. ఆమె ఆఖరి మర బిగించి, చేతులు దులుపుకుని, నవ్వుతూ తిరిగింది.

"మేస్త్రీని నేనండీ. ఆయన మా ఆయన. ఊరికే సాయానికి వచ్చారు."