కాంతం పట్టిన తాడు

తొంభై తొమ్మిది తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లను పడుకోబెట్టిన సంగతి అందరికీ తెలుసు. అదే తుపాను కవిటిలో చనిపోయిన పోలయ్య గురువు ఇంటి కప్పును కూడా ఎత్తిపడేసింది. దూలం సందులోంచి తాళపత్రాల కట్ట ఒకటి కిందపడింది. చూస్తే 'ఉప్పాసుర వధ' నాటకం! బావుల్లో నీళ్ళన్నీ ఉప్పు చేసే రాక్షసుణ్ణి నీలమ్మ తల్లి చీల్చి చంపే కథ. తాతల కాలంలోనే పోయిందని అందరూ ఆశ వదులుకున్న నాటకం. దొరికినందుకు దండం పెట్టుకుని ఆడుకోవచ్చు కదా! అబ్బే, గురువుకు శిష్యులిద్దరాయె. కవిటి మేళం ధర్మారావుది, అక్కుపల్లి మేళం లోకనాథ్‌ది. చెరో కొసా పట్టుకుని లాగారు, దారం పుటుక్కున తెగింది. సగం వీడికి, సగం వాడికి.

పోనీ పరాయివాళ్ళా? ధర్మారావు పెళ్ళాం కాంతం, లోకనాథ్‌కు సొంత చెల్లెలు. ఈ మగాళ్ళ పంతాలు మండిపోనూ, చుట్టరికం ఎవడికి గుర్తుంది? సోంపేట బస్టాండులో అక్కుపల్లివాళ్ళు కవిటి మద్దెలగాణ్ణి పట్టుకుని, కొబ్బరికాయలు ఒలిచే గునపంతో వేళ్ళు చితక్కొట్టారు. బదులుగా కవిటివాళ్ళు అక్కుపల్లి హార్మోనీగాడి పళ్ళు రాలగొట్టారు. ఎండలు ముదిరాక ఒక మిట్టమధ్యాహ్నం అక్కుపల్లి రిహార్సల్ పాక అంటుకుంది. లోపల కునుకు తీస్తున్న శ్యాంసుందర్ బొగ్గయిపోయాడు. వాడు కాంతం తమ్ముడు. తల్లి పోతే కాంతమే చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

"నీ మీదొట్టు కాంతం, నాను కాదు. ఆ పూట పలాసలో జీడిబేరానికి ఎల్లినాను," అని ధర్మారావు ఆమె తలమీద చెయ్యేసి ఏడ్చాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఆ ఇంట్లో ఎలా బతుకుతుంది?

పాకతో పాటు అక్కుపల్లివాళ్ళ సగం నాటకమూ కాలిపోయిందనుకున్నారు. అప్పుడు ధర్మారావు, గురువుగారు చిన్నప్పుడే నోటికి నేర్పారంటూ ఆ సగంలోని యుద్ధం ఘట్టమంతా తడుముకోకుండా పాడాడు. నాటకం వీడి దగ్గరుంది, తల్లి వేషానికి కట్టే చెక్క ముఖం అక్కుపల్లిలో ఉంది. పెద్దలు కూర్చుని, రాక్షసుడు ధర్మారావు, తల్లి లోకనాథ్, ఇద్దరూ కలిసి ఒకే ఆట ఆడాలని తేల్చారు. రాత్రి ఆటకు పోలీసులు ఒప్పుకోలేదు కాబట్టి కవిటి తోటలో పగలే పందిరి వేశారు.

ఆ చెక్క ముఖం కట్టుకున్నవాడికి పూనకం వస్తుంది. ఇనపగోళ్ళు తొడుక్కుని ఎదుటివాణ్ణి నిజంగానే చీల్చబోతాడు. అందుకే వాడి నడుముకు తాడు కట్టి, పందిరి రాటకు ఒక చుట్టు తిప్పి, రెండో కొసను రాక్షస వేషగాడి ఇంటి మనిషి చేతికిస్తారు. ప్రాణం తమదైతే పట్టు సడలదని. ఆట అయి ముఖం విప్పగానే తల్లి వేషగాడు, "నా సేతిలో ఎవులికేనా దెబ్బ తగిలిందా?" అని అడగాలి. తాడు పట్టినవాళ్ళు "లేదు తల్లీ" అనాలి. అప్పటికిగానీ ఆట ముగిసినట్టు కాదు. ధర్మారావుకు పిల్లాజెల్లా లేరు. తాడు కాంతానిదే.

వేషం గదిలో కాంతం అతని చేతులకు రంగు పూస్తోంది.

"కడియం తియ్యి బావా."

"ఉండనీవే."

"రాచ్చసుడికి రాగి కడియమేటి? ఇలా తే!"

లాగేసింది. దాని కింద కట్టిన గుడ్డా ఊడింది. జీడినూనె పడి కాలిందని చెప్పి, మానేదాకా తనే కట్టుకుని తనే విప్పుకున్న గాయం. అది మరక కాదు, నాలుగు వేళ్ళ అచ్చు. చిటికెనవేలి చోట సగమే ఉంది. శ్యాంసుందర్‌కు చిన్నప్పుడు కత్తిపీట మీద చిటికెనవేలు సగం తెగింది. రక్తం ఆగేదాకా ఆ వేలు నోట్లో పెట్టుకున్నది కాంతమే.

"ఇది ఆడి సెయ్యి," అంది.

ధర్మారావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పాక కాల్సుదావనే ఎల్లినాను. లోపల మడిసున్నాడని తెల్దే. అరుపిని తలుపు తీసినాను, నిజం. ఆడు కాలతన్న సేత్తో నా సెయ్యి పట్టుకున్నాడు. రెండో సేతికి కట్ట అందింది..."

"కట్ట తీసుకుని ఆణ్ణి ఇదిలించుకున్నావా?"

"నాటకం పోద్ది గదే! మరింకెక్కడా లేదు గదే!"

బయట మద్దెల మోగింది. పేరు పెట్టి పిలిచారు. అతను వెళ్ళాడు, వెనకాలే ఆమె వెళ్ళి తాడు పట్టుకుంది.

వదిలేస్తే చాలు. చెయ్యి జారిందంటుంది, తల్లి చంపిందంటారు, ఎవరూ వేలెత్తి చూపరు. ఆమెకు వదలాలనే ఉంది. ప్రాణం అందుకోసం కొట్టుకుపోతోంది. కానీ ఆ ముఖం కింద ఉన్నది తనకు మిగిలిన ఒక్క అన్న. ఆ గోళ్ళతో ధర్మారావు చస్తే వాడూ జైలుకు పోతాడు.

లోకనాథ్ దూకాడు. గోళ్ళు ధర్మారావు రొమ్మును గీరేశాయి, రక్తం రంగుతో కలిసి కారింది. జనం ఈలలు వేశారు. "తాడొదలవే!" అని ముఖం కింద నుంచి కేక వినబడింది. అది పూనకమో, పగో! కాంతం ఇసకలో పడి ఈడ్చుకుపోయింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అరచేతుల తోలు తాడుకే అంటుకుంది. వదల్లేదు. అది చూసి ధర్మారావు కిరీటం కింద నుంచి నవ్వాడు కూడా, తన పెళ్ళాం తనవైపే ఉందని.

యుద్ధం అయింది. ముఖం విప్పారు. లోకనాథ్ రొప్పుతూ అడిగాడు: "నా సేతిలో ఎవులికేనా దెబ్బ తగిలిందా?"

"నీ సేతిలో కాదన్నియ్యా," అంది కాంతం. "తమ్ముణ్ణి కాల్సినోడు ఈడే. ఆడి యేళ్ళు ఈడి సేతి మీదున్నాయి. సూసుకోండి!"

తోటంతా గప్‌చుప్ అయింది. మరుక్షణం లోకనాథ్ ఎగిరాడు. తాడు బిగిసింది. కాంతం రాటకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలింది.

"వొదల్ను! నువ్వు జైలుకెల్తే నాకెవులున్నారు?"

అక్కుపల్లి జనం పందిరి ఎక్కేశారు. ఒకడి చేతిలో గునపం ఉంది. కవిటివాళ్ళు ఒక్కరూ అడ్డం రాలేదు.

"కాంతం! ఆపవే ఆళ్ళని!" ధర్మారావు అరిచాడు.

కాంతం దగ్గర ఉన్నది ఒక్కటే తాడు. అది అన్న నడుముకుంది.