సుద్దగీత దాకా

మా అత్తయ్యకు మతిమరుపు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో నేను పాడుచేసిన కూర ఆవిడకు ఇప్పటికీ ఉప్పుతో సహా గుర్తు. అలాంటి మనిషి స్టవ్వు కట్టేయడం మర్చిపోయి పడవ కాల్చుకుందని మా మరిది ఊరంతా టముకేశాడు. అక్కడితో ఆగాడా? పడవను ముక్కలు చేయించడానికి కోత మిషనువాణ్ణి రేపు రమ్మన్నాడు.

అది ఫైబర్‌గ్లాసుతో చేసిన తెరచాప పడవ. మామయ్య పోయాక అత్తయ్య ఒక్కతే దాన్ని నడుపుకుంటోంది. అది పోతే ఇక ఒడ్డున కుర్చీలో కూర్చోవాల్సిందే. మరిదికి కావలసిందీ అదే.

పడవలు బాగుచేసే షెడ్డు నాది. పొద్దున్నే అత్తయ్య నన్ను పడవ లోపలి గదిలోకి దింపింది.

"చూసి చెప్పమ్మాయ్. నా మొహం చూసి కాదు, పడవను చూసి."

మా వెనకే మరిది బకెట్టూ గుడ్డా పట్టుకుని దిగాడు.

"కడగకు," అన్నాను. కాలిన పడవలో అన్నీ చూడటం అయ్యేదాకా మసి తుడవకూడదు. మా షెడ్డు పద్ధతి అది.

"ఇంకా చూసేదేముంది వదినా? నిప్పు లేనిదే పొగ రాదు."

"నిప్పు సంగతి సరే, ఎక్కడ పుట్టిందో చూడనీ."

చిన్న సుత్తితో గోడ వెంట తట్టుకుంటూ వెళ్లాను. గట్టిగా ఉన్న ఫైబర్‌గ్లాసు టంగుమంటుంది. లోపల పొరలు విడిపోతే అట్టపెట్టెను తట్టినట్టు చచ్చుగా పలుకుతుంది. స్టవ్వు వెనక గోడ మసితో నల్లబడింది గానీ టంగుమంది. ఎదుటి పక్క, స్విచ్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. పొరల్ని అతికించి ఉంచే రెజిన్ జిగురు కాలి, లోపలి గాజు గుడ్డ పోగులు పోగులుగా బయటపడింది. అబద్ధం చెప్పేద్దామనిపించింది.

"ఇక్కడ పోయింది అత్తయ్యా. బయటి పొరదాకా పోయింది."

"చూశావా అమ్మా!" అన్నాడు మరిది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం.

"మరి స్టవ్వు?" అంది అత్తయ్య.

స్టవ్వు నాబ్ అడ్డంగా ఉంది, అంటే కట్టేసినట్టే.

"మంటలార్పినవాళ్లు కట్టేసుంటారు," అన్నాడు వాడు.

పట్టకారుతో నాబ్ ఊడబెరికాను. చుట్టూ రేకంతా నలుపు. నాబ్ కింద మాత్రం దాని పొడవునా అడ్డంగా తెల్లటి గుర్తు. పొగ కమ్మేటప్పటికే స్టవ్వు కట్టేసి ఉంది.

మరిది దానివంక చూశాడు. తర్వాత మెల్లగా స్విచ్‌బోర్డు వంక చూశాడు. తల్లి పడుకుని చదువుకోవడానికి దీపం కావాలని అక్కణ్ణుంచి వైరు లాగింది వాడే. బకెట్టు కింద పెట్టేశాడు.

"అమ్మా, ఆ వైరు..."

"దీపం మాత్రం బాగుండేదిరా," అంది అత్తయ్య.

నా చేతిలో సుత్తి లాక్కుని తనే తట్టడం మొదలుపెట్టింది. చచ్చు శబ్దం ఆగిన చోటల్లా సుద్దముక్కతో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపింది. తలుపంత చుట్టుగీత వచ్చింది.

"రేపు నీ కోత మిషనువాణ్ణి రానీ. కోసేది ఇంతవరకే, అక్కడ మీ వదిన కొత్త పొరలు వేస్తుంది. గీత దాటి అంగుళం కోశాడంటే వాడూ నువ్వూ ఇద్దరూ నీళ్లలోకే."

"మరి నేనేం చెయ్యనమ్మా?"

"టార్చి పట్టుకో. ఈసారి వైరు నేను లాగుతా."